నోట్లో గుండుసూదులు

ఆ వారమంతా మా వీధిలో ఒకటే మాట వినపడేది. "వచ్చిందా?" "ఇంకా రాలేదు." కూరగాయల సంచీతో రోజూ అటువైపు వెళ్ళే ఒకావిడ రెండు రోజులు విని, మూడో రోజు ఉండబట్టలేక మా షాపు మెట్టెక్కి, "ఎవరికమ్మా పురుడు?" అని అడిగింది. పురుడు కాదండీ, ఫోన్ అప్‌డేట్ అని చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, మెట్టు దిగి వెళ్ళిపోయింది.

మావారు దర్జీ. కోటు కుట్టడంలో ఆయనకు మంచి పేరుంది. మిగతా విషయాల్లో ఆయనకున్న పేరు నా నోటితో చెప్పడం బాగుండదు.

ఇరవై ఆరేళ్ళుగా మా షాపులో కొలతలు తీసే పద్ధతి ఒక్కటే. వచ్చినవాళ్ళకి ఆయన నమూనా కోటు తొడిగించి, వదులైన చోటల్లా గుండుసూదులు గుచ్చుతూ, టేపు పెట్టి అంకె చెబుతారు. నేను పక్కన నిలబడి ఆ అంకెను పైకి ఒకసారి తిరిగి అని, ఆయన తల ఊపాక పొడుగు పుస్తకంలో రాస్తాను. ఛాతీ నలభై అంటే నలభై. చెయ్యి ఇరవై నాలుగు అంటే ఇరవై నాలుగు. ఆ సూదులు పెదాల మధ్య పెట్టుకోవద్దని పెళ్ళయిన కొత్తలోనే చెప్పాను, ఏదో ఒకరోజు మింగి కూర్చుంటారని. పెళ్ళయిన కొత్తలోనే విననివారు ఇప్పుడేం వింటారు?

అంతకు నెల ముందు మావారు, పక్కన కళ్ళజోళ్ళ షాపాయన కలిసి వెళ్ళి ఒకే రకం ఫోన్లు కొనుక్కొచ్చారు. ఆ షాపాయన్ని నేను అన్నయ్యగారూ అంటాను కాబట్టి మావారికి బావ అయ్యారు. బావ అయ్యారు కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు ఏమనుకున్నా చెల్లుతుంది. ఆ ఫోన్లో మాటలు రికార్డు చేసే యాప్ ఉందని అన్నయ్యగారే చూపించారు. అంతే, మావారికి ఎక్కడలేని హుషారు వచ్చేసింది.

"ఇకనుంచి నేను చెప్తా, ఇది వింటుంది. నువ్వు హాయిగా కూర్చో," అన్నారు నాతో.

హాయిగా కూర్చోవడమంటే మూడడుగుల అవతల మూలనున్న బల్ల దగ్గర బొత్తాలు కుట్టడం. ఆయన మంచికే అన్నారు, నాకు తెలుసు. నా కాళ్ళ నొప్పులు చూసే అన్నారు. అయినా నాకు చిన్నతనమనిపించింది. ఇరవై ఆరేళ్ళు పక్కన నిలబడిన మనిషి స్థానంలో, అరచేతిలో పట్టే వస్తువును స్టూలు మీద నిలబెట్టారు. పొడుగు పుస్తకాన్ని ఇస్త్రీ బల్ల ఊగకుండా కాలి కింద పెట్టారు. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈ షాపులో ఇక నా నోటివెంట ఒక్క అంకె కూడా రాదని. ఆ ఒట్టు మీద నెలరోజులు గట్టిగా నిలబడ్డాను.

ఆ నెలలో వచ్చినవాళ్ళకి ఆయన కొలిచిన రోజే బట్ట కత్తిరించేశారు. రోజుకి ఒకరో ఇద్దరో కాబట్టి కొలతలు బుర్రలోనే ఉండేవి. ఫోన్లో రికార్డులు దాచిపెట్టడమే గానీ ఒక్కటి కూడా పెట్టి వినలేదు.

అప్పుడొచ్చారు ఫైర్ స్టేషన్ బ్యాండువాళ్ళు. పద్దెనిమిది మంది. అందరికీ ముదురు నీలం కోట్లు కావాలి. ఒక్క రోజు మధ్యాహ్నం వరసగా కొలతలిచ్చి, మర్నాడే మూడు వారాల శిక్షణకి ఊరు విడిచి వెళ్ళిపోయారు. వాళ్ళు తిరిగొచ్చిన రోజే ప్రదర్శన. మావారు ఆ రెండు రోజులూ జేబులూ భుజం పట్టీలూ కుట్టి పెట్టుకుని, మూడో రోజు బట్ట పరిచి, సుద్ద తీసి, ఫోన్ అందుకున్నారు.

ముందురోజు సాయంత్రం ఫోన్ ఏదో పెద్ద అప్‌డేట్ అడిగింది. ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు చూస్తే తెరంతా కొత్తగా, గుండ్రగా, రంగురంగులుగా మెరుస్తోంది. రికార్డు యాప్ మాత్రం లేదు.

పక్కషాపులోంచి కేక వినిపించింది. "బావా! నా భూతద్దం పోయిందయ్యా!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వీధిలో సగం మందికి కళ్ళజోళ్ళు తగిలించిన అన్నయ్యగారు తను మాత్రం పెట్టుకోరు. పెట్టుకుంటే వయసు తెలిసిపోతుందట. చిన్న అక్షరాలన్నీ ఫోన్లో ఉన్న భూతద్దం యాప్‌తో చదువుతారు. అదీ మాయమైంది. కంపెనీవాళ్ళ ప్రకటన నేనే ఇద్దరికీ చదివి వినిపించాను: ఆ రెండు యాప్‌లూ కొత్త రూపంలో తర్వాతి అప్‌డేట్‌తో వస్తాయి, మీ రికార్డులన్నీ భద్రంగా ఉన్నాయి. ఎప్పుడొస్తాయో మాత్రం రాయలేదు.

ఇక మొదలైంది ఎదురుచూపు. పొద్దున్నే ఇద్దరూ మా షాపు ముందు బల్ల మీద చేరి, ఒకేసారి ఆ బటన్ నొక్కేవారు. 'మీ ఫోన్ తాజాగా ఉంది' అని వచ్చేది. కూరగాయల కొట్టువాడు కూడా అంత ధైర్యంగా చెప్పడు. ఆపి ఆన్ చేశారు. నిండా ఛార్జింగ్ పెట్టి చూశారు. గుమ్మం దగ్గర సిగ్నల్ బాగుంటుందని అన్నయ్యగారు చెబితే, మావారు గంటసేపు గుమ్మంలో చెయ్యి చాపి నిలబడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళు ఆయన దారి చూపిస్తున్నారనుకుని అటు వెళ్ళారు.

శిక్షణ శిబిరానికి కూడా ఫోన్ చేశారు. పద్దెనిమిది మందిలో ఆరుగురు దొరికారు. ఆరుగురూ నడుము ముప్పై రెండే అన్నారు. వాళ్ళలో పెద్ద డ్రమ్ము వాయించే అతనొకడు! ఆ టేపు అతని చుట్టూ తిరగడం నేను కళ్ళారా చూశాను.

నాలుగో రోజు నాకు నవ్వు తగ్గింది. నీలం బట్ట కత్తిరింపుల బల్ల మీద అలాగే ఉంది. మావారు మాటిమాటికీ దాన్ని సవరిస్తున్నారు, మళ్ళీ ఫోన్ చూసుకుంటున్నారు. అయిదో రోజు మధ్యాహ్నం కంచంలో సగం వదిలేసి లేచారు. సాయంత్రం ఎటో చూస్తూ, "నీకేమైనా గుర్తున్నాయా?" అని అడిగారు.

ఆ ప్రశ్న కోసం నెలరోజులు కాచుక్కూర్చున్నాను. తీరా అడిగాక నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "నన్ను హాయిగా కూర్చోమన్నారుగా," అన్నాను.

ఆ మాట అన్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది. నిజానికి నాకు గుర్తున్నవి రెండో మూడో. మనిషికి ఆరు చొప్పున నూటెనిమిది అంకెలు ఎవరికి గుర్తుంటాయి? ఆ సంగతైనా నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది.

ఏడో రోజు పొద్దున ఆయన నా బల్ల దగ్గరకొచ్చి, "రేపటికి కూడా రాకపోతే స్టేషన్‌కి ఫోన్ చేసి నావల్ల కాదని చెప్పేస్తా. ఇంకా ఆగితే వేరే దర్జీకి కూడా టైం ఉండదు," అన్నారు. ఇరవై ఆరేళ్ళలో ఒప్పుకున్న కోటు ఒక్కటి కూడా వెనక్కి పంపని మనిషి.

ఆ రోజు పదకొండింటికి అన్నయ్యగారు ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా పరిగెత్తుకొచ్చారు. "వచ్చింది బావా! వచ్చింది!"

నలభై నిమిషాలు పట్టింది. పాలు పొంగుతాయేమోనన్నట్టు ఇద్దరూ తల తిప్పకుండా కూర్చున్నారు. అన్నయ్యగారికి అంకె కనపడక ప్రతి నిమిషానికీ, "ఎంతయింది? ఎంతయింది?" అని అడుగుతూనే ఉన్నారు. చివరికి ఫోన్ వెలిగింది. భూతద్దం రాలేదు. రికార్డు యాప్ వచ్చింది, లోపల బ్యాండువాళ్ళ పద్దెనిమిది రికార్డులూ ఉన్నాయి. మావారు సుద్ద చేతిలోకి తీసుకుని మొదటిది నొక్కారు.

"ఊమ్... మ్మైతొమ్... ఊన్న..."

మావారు ఫోన్ తిప్పి చూశారు. రెండోది నొక్కారు. "మ్మ్... బై... ఊఁ..."

"ఏం కూశావయ్యా బావా? పాపం ఫోన్ శుభ్రంగానే రికార్డు చేసింది, నువ్వే ఏమీ చెప్పలేదు," అన్నారు అన్నయ్యగారు.

నాకు అప్పుడు అర్థమైంది. నోట్లో గుండుసూదులు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన అంకెలు చెప్పేది అలాగే. నా చెవికి అలవాటై, అది మాట కాదని నాకు తట్టనే లేదు. తను స్పష్టంగా చెబుతున్నాననే ఆయనా అనుకున్నారు. సుద్ద బల్ల మీద పెట్టేసి స్టూలు మీద కూలబడ్డారాయన. ఆ ముఖం చూసి నాకు గుండె తరుక్కుపోయింది. ఒట్టూ లేదు, గిట్టూ లేదు, వెళ్ళి పక్కన కూర్చుని వినిపించమని అడుగుదామని లేచాను.

ఈలోగా అన్నయ్యగారు ఆ ఫోన్ లాక్కుని, సౌండ్ పూర్తిగా పెంచి, మొదటి రికార్డు మళ్ళీ నొక్కారు.

"ఊమ్... మ్మైతొమ్... ఊన్న..."

దాని వెనకే, దూరంగా, సన్నగా ఇంకో గొంతు. "ముప్పై తొమ్మిదిన్నర."

"మ్మ్... న్నై... ఊ..."

"ముప్పై ఎనిమిది."

ముగ్గురం కదల్లేదు. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, మెడ, పొడుగు. ఆయన మూలుగు వెనక ఆ గొంతు ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"చెల్లెమ్మా, ఇది నీ గొంతేగా!" అన్నారు అన్నయ్యగారు.

నాదే. నెలరోజులు నోరు మెదపలేదని నేను లోలోపల ఎంత గర్వపడ్డానో మీకు చెప్పాను. మూతి బిగించుకుని, తల వంచుకుని, మూల కూర్చుని బొత్తాలు కుడుతూ, పద్దెనిమిది మంది కొలతలూ ఒక్కొక్కటే తిరిగి చెప్పుకుంటూ పోయాను. నాకు తెలియనే తెలియదు. తలెత్తడానికి సిగ్గేసింది. మావారు నావైపే చూస్తున్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వు ఆపుకుంటున్నాయి. వంగి, ఇస్త్రీ బల్ల కాలి కింది నుంచి పొడుగు పుస్తకం లాగి, దుమ్ము దులిపి నా చేతికిచ్చారు.

"నువ్వు రాయి," అన్నారు.

ఆ సాయంత్రానికి ఆరు కోట్ల బట్ట కత్తిరించారు. కోట్లన్నీ గడువుకు ఒకరోజు ముందే అయిపోయాయి. పెద్ద డ్రమ్ము అతని నడుము ఎంతో మాత్రం ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

నా స్టూలు మూల నుంచి మూడడుగులు ముందుకొచ్చింది. ఇస్త్రీ బల్ల ఊగుతోంది. ఊగనీ.

మొన్న అన్నయ్యగారు కోటు కుట్టించుకుందామని వచ్చారు. భూతద్దం కోసం ఇంకా రోజూ బటన్ నొక్కుతూనే ఉన్నారు గానీ, ముక్కు మీద తన షాపు కళ్ళజోడే ఉంది. మావారు ఆయన మెడ చుట్టూ టేపు పెట్టారు. నేను పెన్సిలుతో సిద్ధంగా ఉన్నాను.

"ఇప్పటికైనా ఆ సూదులు నోట్లోంచి తీసి చెప్పండి, స్పష్టంగా ఉంటుంది," అన్నాను.

ఆయన సూదులు తీయకుండానే ఏదో అన్నారు. తీసేసి చెబితే నన్ను మళ్ళీ ఆ మూలకి పంపించాల్సొస్తుందట, అది ఆయనకి ఇష్టం లేదట.

"ఏమన్నాడు చెల్లెమ్మా?" అన్నయ్యగారు అద్దాల పైనుంచి చూస్తూ అడిగారు.

"మెడ పదిహేనున్నర," అన్నాను.

మావారు తల ఊపారు. నేను రాసుకున్నాను.