నెత్తిన బిందె ఉన్న మనిషి

“రోడ్డు మీద నడిచేటోళ్లకు కండ్లుండాలె” అంటాడు సామ్యేల్, కంచం ముందు కూర్చున్నప్పుడల్లా. మా ఆయన బొగ్గు లారీ డ్రైవరు. బొగ్గుగని బాయి నుంచి రైల్వే సైడింగుకు ఎన్ని ట్రిప్పులు కొడితే అంత మొనగాడు. మా ఇళ్లకూ నీళ్ల నల్లాకూ మధ్య ఉన్నది ఆ లారీల రోడ్డే.

నెత్తి మీద నిండు బిందె ఉన్న మనిషికి మెడ తిప్పడం కుదరదు. తిప్పితే నీళ్లు ఒలుకుతాయి, ఒలికితే మళ్లీ వరసలో నిలబడాలి. ఈ సంగతి నీళ్లు మోసేవాళ్లకే తెలుసు, తాగేవాళ్లకు పట్టదు. నల్లా దగ్గరికి రాగానే సామ్యేల్ కావాలని స్పీడు పెంచి హారను కొట్టేవాడు. మేం ఎట్లా చెల్లాచెదురయ్యామో, ఎవరి బిందె సొట్టపోయిందో ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు. అన్నం వడ్డిస్తూ నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆరేళ్ల కింద, అరవై తొమ్మిది ఎండాకాలంలో, పక్కింటి సమ్మవ్వక్క నా కంటే ముందు రోడ్డు దగ్గరికి వెళ్లింది. లారీ వస్తుంటే అంచున ఆగింది. ఆ డ్రైవరెవరో మంచివాడు, బండి ఆపి దాటమని చెయ్యి ఊపాడు. ఆమె దాటుతోంది. వెనక వస్తున్న సామ్యేల్ ఆగే ఓపిక లేక, ఆ లారీని పక్కనుంచి దాటి దూసుకొచ్చాడు. అక్క బిందె దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. దవాఖానలో కాలు నిలిచింది గానీ వంకరగా అతికింది.

పోలీసులు రాకముందే మా అత్త నా పక్కన కూర్చుంది. “పిల్లలు గలదానివి బిడ్డా. ఆమెనే అడ్డమచ్చిందని ఒక్క మాట చెప్పు. ఆడదానివి, నీ మాట నమ్ముతరు.” సామ్యేల్ తల ఎత్తలేదు. పెళ్లయి అప్పటికి పదకొండేళ్లు. నా బిడ్డకు పేరు పెట్టిన రోజు కూడా ఆ ఇంట్లో నన్నొక మాట అడగలేదు. ఆ రోజు మాత్రం ఇల్లంతా నా నోటి వైపే చూసింది. నిజం చెప్పాలంటే, భయంతో పాటు నాకు కొంచెం గర్వంగానూ అనిపించింది. “సూడకుండ అడ్డమచ్చింది” అని చెప్పి వేలిముద్ర వేశాను. సామ్యేల్ వారం తిరగకుండానే మళ్లీ లారీ ఎక్కాడు.

అప్పటి నుంచి అక్క నీళ్లు నేనే మోస్తున్నాను. “తోడబుట్టినదాని కంటె ఎక్కువ జేస్తున్నవు చెల్లె. నేనే సూసుకోకపోతిని, నీ మొగని తప్పేమున్నది” అంటుంది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించదు.

ఇవాళ పొద్దున బిందెతో వాళ్ల గడప దగ్గరికి వెళ్లేసరికి చాయ్ గిలాస ఒలికిపోయి ఉంది. అక్క మొగుడు గట్టయ్య అరుస్తున్నాడు. “కండ్లు లేనిదానా! గిట్ల సూడకనే గద లారీ కింద పడ్డవు. సామ్యేల్ పెండ్లామే చెప్పింది.”

రోజూ ఇదే తిట్టు అని ఆ గొంతు తీరులోనే తెలిసింది. ఆరేళ్లుగా ఈ ఇంట్లో నా మాటతోనే ఆమెను కొడుతున్నారు. నేను బిందెలకొద్దీ నీళ్లు పోసి ఏం లాభం?

“బావా, అక్క అడ్డం రాలేదు” అన్నాను. “ఆగింది, సూసింది, ముందు లారాయన చెయ్యి ఊపినంకనే దాటింది. మా ఆయన ఆగకుండ పక్కకెళ్లి కొట్టుకొచ్చిండు. నేను అబద్ధం చెప్పిన.”

సాయంత్రానికి ఈ మాట సామ్యేల్ చెవిన పడుతుంది. పడనీ. నేను అక్క తిట్టు కోసం, శాపం కోసం చూస్తూ నిలబడ్డాను. ఆమె గోడ పట్టుకుని లేచింది.

“అయితే నేను మంచిగనే నడిచిన్నా, చెల్లె?”

“మంచిగనే నడిచినవక్కా.”

ఆమె నా చేతిలోని బిందె తీసుకోలేదు. గట్టయ్య వైపు తిరిగింది.

“ఇన్నవా?” అంది.