చెల్లెలి సినిమాలో లేని ఏడుపు

మణుగూరు కాలనీలో ఆ పాత సినిమాను అసలు పేరుతో ఎవరూ పిలవరు. చెల్లెలి సినిమా అంటారు. కొందరైతే ఏకంగా లాలు సినిమా అనేస్తారు. అందులో లాలు లేడు. అది ఆడిన రోజుల్లో అతను ముక్కు కార్చుకుంటూ తిరిగే పిల్లవాడు. ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనిలో పంపు ఆపరేటరు. ఏటా క్లబ్బు వార్షికోత్సవంలో మైకు స్టాండును గుమ్మంలా పట్టుకుని, అత్తారింటికి పోతున్న చెల్లెల్ని చూసి ఆ సినిమా హీరో ఏడ్చే ఏడుపు ఏడుస్తాడు. ముందు గొంతులో నీళ్లందని పంపు తిరిగినట్టు గురగుర. తర్వాత ఎక్కిళ్లు. ఎక్కిళ్ల మధ్యలో, "బువ్వ తిని పోవే చెల్లే, బువ్వన్న తిని పో!"

ఇక ఈలలే ఈలలు. జనం కుర్చీల్లోంచి జారిపోయేవాళ్లు.

లాలును చూసి పక్క కాలనీ కుర్రాళ్లు చేశారు. వాళ్లను చూసి భద్రాచలం మిమిక్రీ ట్రూపువాళ్లు చేశారు. చివరికి టీవీలో ఆ సినిమా వచ్చి, ఆ ఘట్టం దగ్గర పడుతోందంటే చాలు, చూడకముందే పిల్లలు నవ్వడం మొదలుపెట్టేవారు. ఒక సినిమాను మింగేశానన్న గర్వం లాలుకు ఉండేది. పెళ్లి వారం ఉందనగా చెల్లెలు రూప్లి వచ్చి ఆ గర్వానికి చిల్లు పొడిచింది.

క్వార్టరు మెట్ల మీద కూర్చుని, చీమల బారును చూస్తూ అంది.

"భియా, ఒక మాట అంట. కోపం గావద్దు."

"అను."

"సాగనంపేటప్పుడు నువ్వు ఏడ్వకు."

లాలు నవ్వాడు. "ఏందే, నువ్వు పోతుంటె ఇకిలించుకుంట నిలబడాల్నా?"

"నువ్వు ఇకిలియ్యవ్. జనం ఇకిలిస్తరు. పోయినేడు లచ్చు కాకా సచ్చిన్నాడు సూడలే? పీనుగు కాడ నువ్వు నోరు దెరిస్తివి, ఆడోళ్లందరు కొంగులు నోట్ల గుక్కుకున్నరు. కాకా కొడుకు సుత నవ్విండు."

"గది... వాళ్ల బుద్ధి."

"బుద్ధి ఎవ్వలదైతేంది? నెల దినాల సంది ముసలోళ్ల కాడ కూసొని ఏడుపు నేర్చుకుంటున్న. నా ఏడుపును నవ్వులపాలు జెయ్యకు."

వాళ్ల తండాలో పెళ్లికూతురు ఊరికే ఏడవదు. పోయేముందు ఒక్కొక్కరినీ కావలించుకుని పాటగా ఏడుస్తుంది. ఎవరిని పట్టుకుంటే వాళ్ల మీద అప్పటికప్పుడు మాటలు కడుతుంది. ఆ మనిషి గొంతు కలిపి ఏడ్చేదాకా వదలదు. కలిపాక ఆడవాళ్లు ఆమెను విడదీసి తర్వాతి మనిషి దగ్గరికి నడిపిస్తారు. రూప్లి డిగ్రీ చదివింది, బోనకల్‌లో రైల్వే ఉద్యోగం చేసే కోటేష్‌ను చేసుకుంటోంది. అయినా ఈ ఏడుపు ఒక్కటీ తమ ముసలమ్మలు ఏడ్చినట్టే ఏడవాలని ఆమె పట్టుదల.

"సరే, ఏడ్వనులే," అన్నాడు లాలు.

ఆ మాట అన్న మరుక్షణం నుంచి అతనికి కుదురు పోయింది. లచ్చు కాకా శవం దగ్గర తను నటించలేదు. నిజంగానే దుఃఖం వచ్చింది. వచ్చిన దుఃఖం క్లబ్బు స్టేజీ మీది గొంతులోంచే బయటపడింది. అంటే నిజం దుఃఖానికి వేరే దారి లేదా తనలో? షిఫ్టులో ఎవరూ లేనప్పుడు, పంపు హోరులో నిలబడి మరో రకంగా ఏడ్చి చూశాడు. సన్నగా మొదలుపెట్టాడు, గురగుర వచ్చింది. పళ్లు బిగించాడు, ఎక్కిళ్లు వచ్చాయి. తన ఇంట్లో ఎవడో కిరాయికి దిగి, గదులన్నీ ఆక్రమించి, తనను వరండాలో పడుకోబెట్టినట్టు అనిపించింది.

చివరికి ఒక లెక్క తట్టింది. అసలు సినిమా మళ్లీ చూడాలి. అందులో హీరోది ఎంతో తేల్చుకుని, అది తీసేస్తే మిగిలేది తన సొంత ఏడుపు అవుతుంది. చిన్నప్పుడు ఒక్కసారి డేరా టాకీసులో చూసిందే తప్ప ఆ సినిమాను అతను మళ్లీ చూడలేదు. టీవీలో వచ్చినప్పుడల్లా చుట్టూ జనం, "లాలన్నా, నువ్వు చెయ్యి" అనేవాళ్లు. అతను చేస్తుంటే తెర వైపు ఎవరు చూస్తారు?

వీడియో షాపు జస్టిన్ పగలబడి నవ్వాడు. "నీకెందుకన్నా సీడీ? అద్దం ముందు నిలబడు, సినిమా అదే నడుస్తది."

"ఉన్నదా, లేదా?"

"ఉంది, ఉంది. గీతలు పడ్డది. హీరో ఏడ్చేకాడ ఇరుక్కుంటే నువ్వే డబ్బింగు చెప్పుకో."

భార్య కవిత పెళ్లి పనులకని తండాకు వెళ్లింది. మధ్యాహ్నం తలుపు గడియపెట్టి, లాలు ఒక్కడే కూర్చున్నాడు. మొదటి సగం పరిగెత్తించాడు. పెళ్లయింది. బండి కట్టారు. చెల్లెలు ఎక్కింది. లాలు టీవీ దగ్గరికి జరిగాడు.

హీరో ఏడవలేదు.

గుమ్మం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పెదవి ఒకసారి కదిలింది. మొహం పక్కకు తిప్పుకున్నాడు. వెనక వయొలిన్లు మోగాయి. బండి మలుపు తిరిగింది, దుమ్ము లేచింది, అంతే. లాలు వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. గురగుర లేదు, ఎక్కిళ్లు లేవు. బువ్వ మాట ఎక్కడా లేదు. సీడీలో కత్తిరించారేమో అనుకున్నాడు. కానీ ఆ వయొలిన్లు ఎక్కడా తెగలేదు.

అప్పుడు, సినిమా తెర మీద నడుస్తుండగానే, అతని చెవులు వేడెక్కాయి. ఎందుకో ముందు తెలియలేదు. సిగ్గు ముందొచ్చింది, దాని కారణం తర్వాత వచ్చింది. చిన్నప్పటి ఆ డేరా టాకీసులో తనూ తండ్రీ ఇసుకలో కూర్చున్నారు. పక్కన బాపు మోకాలు, బీడీ వాసన. చీకట్లో ఆ గురగుర తెర మీదినుంచి రాలేదు, పక్కనుంచి వచ్చింది. "బువ్వన్న తిని పోనీయిర్రి పిల్లను!" అని బాపు తెర వైపు చెయ్యి చాచి అరిచాడు. ముందు వరసలు మొత్తం వెనక్కి తిరిగాయి. ఎవడో నవ్వాడు, అందరూ నవ్వారు. లాలు మోకాళ్లలో తల దూర్చుకున్నాడు. మర్నాడు బడి వెనకాల, వాళ్లు అడగకముందే, "హీరో గిట్ల ఏడ్చిండు" అని పిల్లలకు ఏడ్చి చూపించాడు. ఏడ్చింది హీరో అంటే తను బతికిపోతాడు. ఆ అబద్ధం అంత అవసరంగా పుట్టింది కనుకే, అంత తొందరగా నిజమైపోయింది.

సీడీ ఆపకుండానే బయటపడి తండా ఆటో ఎక్కాడు.

తల్లి హేమ్లి పెళ్లి లంగాకు అద్దాలు కుడుతోంది. కొడుకు మొహం చూసి సూది ఆపింది.

"యాడీ, బాపు డేరా సినిమాల ఏడ్చిండా?"

"ఏడ్చిండు. ఎందుకట్ల అడుగుతవ్?"

"నేను క్లబ్బుల చేసేది గదేనా?"

హేమ్లి అతన్ని వింతగా చూసింది. "నీకెరుక లేదా?"

లాలు ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆయన చెల్లె అత్తగారింటికి పోయిన్నాడు ఇంట్ల గింజ లేకుండె," అంది హేమ్లి. "కరువు. పిల్లను ఉపాసంతోనే బండెక్కించిండు. సినిమాల గూడ గట్లనే పంపిస్తున్నరనుకున్నడు, పిచ్చోడు."

"మరి నేను చేస్తుంటె ముందట కూసొని నవ్వేటిదానివి గదే!"

"నోట్ల కొంగు బెట్టుకుంటె నవ్వినట్టేనా? ఫస్టుల కోపమొచ్చేది. తండ్రిని ఎక్కిరిస్తున్నవనుకున్న. తర్వాత అలవాటైంది. ఆయన ఫోటో సుత లేకపాయె. ఏడాదికొక్కపారి ఆ గొంతన్న ఇనబడుతదని వచ్చి కూసునేదాన్ని." సూదిలోకి దారం ఎక్కించబోయి తప్పింది, మళ్లీ నోట్లో పెట్టి తడిపింది. "నీకు తెలిసే చేస్తున్నవనుకుంటి."

"రూప్లికి చెప్పాల్నా?"

"అది అప్పుడు కడుపుల గూడ పడలే. అది పుట్టిన ఏడాదికే ఆయన పాయె, దానికి బాపు అంటె ఉత్త పేరు. పెళ్లిముందల దాని నెత్తికెందుకు ఇదంత?"

లాలు చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఊరట దొరకలేదు. హీరోది తీసేస్తే తనది మిగులుతుందనుకున్నాడు. హీరోది అసలు లేదు. బాపుది తీసేస్తే ఏం మిగులుతుంది? పెళ్లి పనుల్లో గ్యాసు సిలిండర్లు మోస్తూ, చుట్టాలకు కుర్చీలు వేస్తూ అతను ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాడు. ఎవరైనా "లాలన్నా, రేపు బువ్వ డైలాగు ఉన్నట్టేనా?" అంటే ఎగిరి కొట్టినంత పనిచేశాడు.

సాగనంపే పొద్దున ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. జీపు ముందు జనం రెండు పాయలయ్యారు. లాలు తువ్వాలు కొస పళ్ల మధ్య పెట్టుకుని వెనకగా నిలబడ్డాడు. రూప్లి తల్లిని పట్టుకుని ఏడ్చింది, పెద్దమ్మలను పట్టుకుని ఏడ్చింది. ఆడవాళ్లు ఆమెను అతని దగ్గరికి తెచ్చారు.

ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసి పాట ఎత్తుకుంది. వాగు దాటించి బడికి మోసిన భుజమా అంది. పరీక్ష ఫీజుకు సైకిలు అమ్ముకున్న చేతులా అంది. లాలు తువ్వాలు కొరికాడు. రూప్లి ఆ చరణమే మళ్లీ పాడింది. అతను కలపలేదు. ముసలమ్మలు ఒకరినొకరు చూసుకున్నారు. మూడోసారి ఆమె గొంతు జీరపోయింది. పాట మధ్యలో అతని చెవి దగ్గర నోరు పెట్టి, "ఏడువు, భియా," అంది.

"వద్దంటివి గద."

"గప్పుడన్న. నువ్వు ఏడ్వకుంటె నేనెట్ల పోవాలె? ఏడువు."

తువ్వాలు జారింది. గొంతులో పంపు తిరిగింది.

టెంటు దగ్గర కాలనీ కుర్రాళ్లు మొదట నవ్వారు. పిల్లలు అందుకున్నారు. ఎవడో ఈల వేశాడు. రూప్లి వీపు బిగుసుకోవడం లాలు చేతులకు తెలిసింది. వదిలేస్తుందనుకున్నాడు. ఆమె గోళ్లు అతని భుజంలో దిగాయి. నెల రోజులు నేర్చుకున్న వరస తప్పింది. శ్రుతి లేకుండా, కోపంగా, నవ్వుల మీదికి గొంతు పెంచి పాడింది. అతని ఎక్కిళ్లు ఎక్కడ పడితే అక్కడ ఆగింది, అవి దాటాక మళ్లీ ఎత్తుకుంది.

ఆడవాళ్లు ఆమెను విడదీసి తీసుకుపోయారు. లాలు ఏడుపు మాత్రం ఆగలేదు.

స్టేజీ మీదైతే ఎక్కడ ఆపాలో అతనికి తెలుసు. ఈలలు పలచబడకముందే ఆపి దండం పెట్టాలి. ఇక్కడ ఈలలు ఎప్పుడో ఆగిపోయాయి. నవ్విన కుర్రాళ్లు ఇక నవ్వాలో మానాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు బీడీ తీసి, వెలిగించకుండా పట్టుకున్నాడు. జీపు కదిలింది. జస్టిన్ నీళ్ల గ్లాసుతో వచ్చి, "ఇగ చాలన్నా, వెళ్లిపోయిన్రు," అన్నాడు.

లాలు తల ఊపాడు. గ్లాసు అందుకున్నాడు. తాగుదామని నోరు తెరిస్తే మళ్లీ ఆ గొంతే వచ్చింది.