పోయిందన్న పెళ్లాం

చెప్పులు కుట్టే పెద్దాయన మాటలు ఖర్చు పెట్టే రకం కాదు. ఆ కొట్టులో మాటలన్నీ ఆయన భార్యవే.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రి నర్సొకావిడ వచ్చి, సోలు ఊడిన చెప్పుల జత బల్ల మీద పెట్టింది.

"బాబాయిగారూ, బస్సులోంచి మిమ్మల్ని చూసి గుర్తుపట్టాను. కొట్టు మూసేశారనుకున్నా," అంటూ, తను ఈ జత తెప్పించుకున్న ప్రకటన ఫోనులో చూపించింది.

అందులో ఫొటో ఆయనదే. ఎవరో గుమ్మంలో నిలబడి తీసుకుపోయినట్టున్నారు. కింది రాత నర్సే చదివింది. భార్య పోయింది, చెయ్యి ఆడటం లేదు, నలభై ఏళ్ల కొట్టు మూస్తున్నాను, ఇవే ఆఖరి జతలు.

వెనక కూచుని దారానికి మైనం పట్టిస్తున్న భార్య తలెత్తింది. "నేనెప్పుడు పోయానట?"

నర్సు తడబడింది. "పోయిన నెల."

"పోయిన నెల నాకో పన్ను పోయింది. మిగతాదాన్ని ఇక్కడే ఉన్నాను."

పెద్దాయన చెప్పు వంచి చూశాడు. తోలు కాదు, రంగేసిన అట్ట. కుట్టు కాదు, జిగురు.

"నావి కావు," అన్నాడు.

నర్సు స్టూలు మీద కూలబడింది. "అమ్మకి షుగరు పుండై రెండు వేళ్లు తీసేశారు. ఏడు నెలలు గడప దాటలేదు. ఒకాయన చేత్తో కుట్టాడంటే ముచ్చటపడి ఇవి తొడుక్కుని వీధి చివరిదాకా వెళ్లింది. మూడో రోజు సోలు ఊడి అమ్మ పడిపోయింది. అయినా 'పెళ్లాం పోయిన దుఃఖంలో కుట్టుంటాడు, ఏమీ అనకు' అంటోంది. మోసమని తెలిస్తే ఇక మంచం దిగదు. అచ్చం ఇలాంటివే కుట్టివ్వండి. మీరే బాగుచేశారని చెప్తాను."

"ఇలాంటివి కుట్టను. పాదం చూడాలి."

"ఆవిడ రాదు."

"మేమే వస్తాం," అంది భార్య.

"మిమ్మల్ని ఎవరని చెప్పను పిన్నిగారూ?"

"రెండో పెళ్లామని చెప్పు."

సాయంత్రం వాళ్లింట్లో నర్సు అలాగే చెప్పింది. మంచం మీదున్న తల్లి వచ్చినావిడని ఎగాదిగా చూసింది.

"నెల తిరక్కముందే తెచ్చుకున్నారా," అంది పెద్దాయనతో. "నేను మీ ఆవిడ కోసం ఏడ్చానండీ."

ఆయన ఆమె పాదం కింద కాగితం పరిచి, చుట్టూ పెన్సిలు తిప్పుతున్నాడు. వేళ్లు లేని చోట పెన్సిలు ఆగింది. ఆ ఏడుపు మీద చెప్పులు కుట్టడానికి ఆయనకి మనసొప్పలేదు.

"ఇది మొదటిదేనమ్మా. పోలేదు. ఆ చెప్పులూ నావి కావు. ఎవడో నా మొహం పెట్టి మీ అమ్మాయికి అంటగట్టాడు. మీ కాలు నేను చూడటం ఇదే మొదలు."

ఏడాదికి సరిపడా మాటలు ఒక్కసారే అయిపోయాయి. నర్సు గోడవైపు తిరిగింది. తల్లి ఆయన భార్యని మళ్లీ ఎగాదిగా చూసింది.

"మరి నా ఏడుపు ఎవరికి పోయినట్టు?"

"నాకే అనుకో వదినా," అంది భార్య. "నా కోసం ఇంతవరకూ ఎవరూ ఏడ్చింది లేదు."

తల్లికి నవ్వొచ్చింది, పెదవి బిగబట్టింది.

పెద్దాయన కాగితం మడిచాడు. "సగం కుట్టాక తొడిగి చూడాలి. కొట్టుకి రావాలి."

"అమ్మ ఎలా..." అనబోయింది నర్సు.

"నువ్వుండవే," అని తల్లి మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడింది. "బస్సు దిగాక ఎంత దూరం నడవాలి?"