పిలుపు మోసిన నలభై ఏడో నంబరు

నేను ఒక ఐపీ అడ్రసుని. కంప్యూటర్ల లోకంలో డోరు నంబరు లాంటిదాన్ని. నాలుగు ముక్కల అంకెగా ఉంటాను. చివరి ముక్కను బట్టి నన్ను నలభై ఏడు అంటారు. నాకు రంగూ రుచీ వాసనా లేవు. ఉన్న ఆస్తి అల్లా మంచిపేరో చెడ్డపేరో. అది కూడా నాలోంచి ఉత్తరాలు పంపినవాళ్లు తెచ్చిపెట్టిందే.

నన్నెవరూ పోత పోయలేదు, చెక్కలేదు. నంబర్లు పంచే కార్యాలయంలో ఎవరో మా రెండు వందల యాభై ఆరుగురిని కట్టగట్టి ఒక కంపెనీకి రాసిచ్చారు. అదే నా బారసాల. మొదటి యజమాని మొహమైనా నేనెరగను. “మీకు లాటరీ తగిలింది” అనే ఉత్తరాన్ని ఒక్క పూటలో మూడు లక్షల మందికి నా చేత పంపించాడు. ఇంతమందికి ఒకేసారి అదృష్టం పట్టడమేమిటా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. సాయంత్రానికల్లా ఉత్తరాలు పుచ్చుకునే సర్వర్లన్నీ నా పేరు బ్లాక్‌లిస్టుకెక్కించాయి. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు మరో నంబరు చూసుకుని వెళ్లిపోయాడు. చేసిందొకరు, అనుభవించేదొకరు.

ఏడాదిన్నర ఖాళీగా పడి ఉన్నాక, కాకినాడలోని ఒక మూలకణ దాతల సంస్థ నన్నూ, పక్కనున్న నలభై ఎనిమిదినీ అద్దెకు తీసుకుంది. రక్త క్యాన్సరు వచ్చినవారికి మూలకణాలు ఇస్తామని ముందుకొచ్చిన డెబ్బై వేల మంది పేర్లు ఆ సంస్థ దగ్గర ఉన్నాయి. కాలేజీ రోజుల్లో దూదిపుల్లతో బుగ్గలోంచి నమూనా తీయించుకుని, ఆ సంగతే మరచిపోయినవాళ్లు వారిలో ఎక్కువమంది.

నేను చేరేసరికి రిజ్వానా తల పట్టుకుని కూర్చుంది. సంస్థ ఈమెయిళ్ల బాధ్యత ఆమెది. ఆఫీసు ఫోను మాటలు కూడా నేనుండే సర్వరులోంచే నడుస్తాయి కనుక సంగతంతా నా చెవిన పడింది. ఒక లెక్కల పంతులమ్మకు ఆరు వారాల్లోగా దాత కావాలి. డెబ్బై వేలలో ఆమెకు సరిపోయినవాడు ఒకే ఒక్కడు, గంట్యాడ అప్పలకొండ. ఎనిమిదేళ్ల కిందట అతనిచ్చిన ఫోను నంబరు ఇప్పుడు వేరేవాళ్ల చేతిలో ఉంది. అద్దెగది ఎప్పుడో ఖాళీ చేశాడు. ఇక మిగిలింది ఈమెయిల్. రెండు ఉత్తరాలు రాశారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఎందుకిలా అని తవ్వుతూ పోయిన రిజ్వానా, చివరికి దాతలందరికీ వారంవారం శుభాకాంక్షలు పంపే ప్రచార విభాగం పేర్రాజు గారికి ఫోను చేసింది.

“మీ శుభాకాంక్షలూ, పేషెంట్ల కోసం పిలుపూ ఒకే అడ్రసు నుంచి ఎల్తున్నాయండి. జనం ఇసుక్కుని మీదాన్ని స్పామ్ అని చెత్తలోకి నొక్కితే రెండోది కూడా స్పామ్‌లోనే పడుద్ది గదండి.”

“అదేంటమ్మాయ్! పండగ పూట నాలుగు మంచి మాటలు చెప్పడం కూడా తప్పేనా? మనవేవన్నా తిట్టేవా?”

ఆయనదీ అబద్ధం కాదు. మనుషుల్లో ఇదొక వింత చూశాను. అతిగా పలకరించేవాడికి, తాను విసిగిస్తున్నానని చివరిదాకా తెలియదు.

రిజ్వానా వాదన మాని వేరు కాపురాలు పెట్టించింది. సంస్థ పేరుకు ముందు ఇంటిపేరులా తగిలించే చిన్న పేరును సబ్‌డొమైన్ అంటారు. ‘కబుర్లు’ అన్న సబ్‌డొమైన్‌తో పేర్రాజు గారి శుభాకాంక్షలు నలభై ఎనిమిది లోంచి వెళ్లాలి. ‘పిలుపు’ అన్న సబ్‌డొమైన్‌తో దాతలను పిలిచే ఉత్తరాలు నాలోంచి వెళ్లాలి. ఒకరి మకిలి ఒకరికి అంటదు.

ఆ తరవాత నా పాత చరిత్ర బయటపడింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. రిజ్వానా మాత్రం యజమాని మారాడని అర్జీ పెట్టి బ్లాక్‌లిస్టు నుంచి నా పేరు తీయించింది. పేరు తీయించుకోగానే మంచిపేరు రాదు కదా. మొదటిరోజు ఇరవై ఉత్తరాలే పంపింది, అదీ ఎప్పుడు రాసినా జవాబిచ్చే దాతలకు. “మీ ఫోను నంబరు మారిందా?” అని అందులో ఒకటే ప్రశ్న. అడిగితే చెప్పకుండా ఉండలేరు మనుషులు. జవాబులు వచ్చాయి. మర్నాడు నలభై, ఆపైన వంద. మొదట్లో “తరవాత రా” అని నన్ను కసిరిన సర్వర్లు మెల్లగా మెత్తబడ్డాయి.

“వారం అయిపోయిందమ్మాయ్. ఆ ఒక్క ఉత్తరం ఇవాళే పంపేద్దూ. పోనీ, నీ సొంత మెయిల్‌లోంచి కొట్టెయ్యి,” అని పేర్రాజు గారు ఫోనులో తొందరపెట్టారు.

“దాతల వివరాలు బయటికి పోకూడదని రూలండి. పైగా మూడోది కూడా స్పామ్‌లో పడితే, నాలుగోది రాసేదాకా ఆవిడకి టైం ఉండొద్దండీ?” అంది రిజ్వానా. నాకు భయం వేసింది.

పన్నెండో రోజు అప్పలకొండకు ఉత్తరం పంపింది. అవతలి సర్వరు “తీసుకున్నాను” అంది. అంతే చెబుతుంది అది. ముందుగదిలో పెట్టిందో పెరట్లో పారేసిందో చెప్పదు. తలుపవతల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని నాకెప్పుడూ ఆరాటమే. ఆ ఐదు రోజులూ అది ఆరాటం కాదు, నరకం.

ఆరో రోజు పొద్దున ఫోను మోగింది.

“అమ్మా, నాను అప్పలకొండని. పారాదీప్ రేవు కాడ టగ్గు పడవ మీద పంజేత్తన్నాను. మీ ఉత్తరం సూసినాను. ఎప్పుడు రమ్మంతారు?”

“ముందు రెండు రాశామండి, చూళ్లేదా?” అంది రిజ్వానా.

“నానే నొక్కేసినానమ్మా సెత్తలోకి. వారానికోటి శుభాకాంక్షలు! ఇసుగెత్తిపోనాది. అప్పట్నించి మీకాడ్నించి ఏటొచ్చినా నాకు కనపడ్నేదు.”

అదే లైనులో పేర్రాజు గారూ వింటున్నారు. “తప్పు నాదేనయ్యా బాబూ,” అన్నారు. ఆ వారమంతా కూర్చుని, ఉత్తరాలు విప్పని పేర్లను ఆయనే స్వయంగా కొట్టేశారు. డెబ్బై వేల మందికి వెళ్లే శుభాకాంక్షలు తొమ్మిది వేలకు దిగాయి.

ఐదో వారంలో అప్పలకొండ వచ్చి మూలకణాలు ఇచ్చి, మళ్లీ టగ్గెక్కాడు. అతనికీ పంతులమ్మకూ ఒకరి పేరు ఒకరికి చెప్పకూడదని నియమం. ఏడాది దాటాక, పేరు లేకుండా ఒక ఉత్తరం మాత్రం రాసుకోవచ్చు. మొన్న అటువంటిది ఒకటి నాలోంచి పారాదీప్ వైపు వెళ్లింది.

“మీరెవరో నాకు చెప్పరట. నిన్న బడికి వెళ్లి ఏడో తరగతికి భిన్నాలు చెప్పాను. ఒక్కరికీ అర్థం కాలేదు. రేపు మళ్లీ చెబుతాను.”

అవతలి సర్వరు మారుమాట లేకుండా తీసుకుంది. ఆ పిల్లలకు భిన్నాలు అర్థమయ్యాయో లేదో మాత్రం నాకింకా ఎవరూ చెప్పలేదు.