కమానుకి తలంటు

కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పి, గోరు మీద అంచు చూసుకుని, మెత్తచెయ్యి కుర్చీలోని గుమాస్తా గడ్డం మీదికి వంగాడు. వీధిలో అందరూ అతన్ని మెత్తచెయ్యి అనే పిలుస్తారు. కుర్చీ కదిలినా, ఎవరైనా తుమ్మబోయినా, ఆఖరికి తన చెయ్యి వెంట్రుకవాసి వణికినా, ముందు కత్తి పైకి లేపేస్తాడు. ముప్పై ఏళ్ళలో ఎవరి చెంపకీ గాటు పడలేదు. ఆ జాగ్రత్తే అతనికా పేరు తెచ్చింది.

వయొలిన్ దగ్గర మాత్రం ఆ జాగ్రత్తే అతని కొంప ముంచుతోంది. ఒక్క స్వరం తప్పు పలికిందంటే చాలు, కమాను దానంతట అదే గాల్లోకి లేస్తుంది. పాట అక్కడితో సరి.

"బాబాయ్, పొద్దున నీ షాపులోంచి ఎవరిదో ఏడుపు వినబడింది," అన్నాడు గుమాస్తా నురగలోంచి.

"నేనే. ఏడవలేదు, వాయించాను."

"ఈ వయసులో ఎందుకు బాబాయ్?"

"ఇదివరకెప్పుడూ వాయించలేదు కదా, అందుకు."

ఇంట్లో భార్యా ఊరుకోదు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా? మనింట్లో పిల్లి ఈనిందనుకుని పక్కింటావిడ పాలు పట్టుకొచ్చింది," అంటుంది. అంటూనే, అతను వాయించే వేళకి వీధి తలుపు దగ్గరగా వేసి, పక్కనే కూర్చుని వింటుంది.

మోకాళ్ళు పట్టేసి వయొలిన్ మాస్టారు మేడ దిగడం మానేశాక మెత్తచెయ్యే వెళ్ళి ఆయనకి గడ్డం గీస్తున్నాడు. ఒకరోజు కుర్చీలో ఉన్న వయొలిన్‌ని పక్కకి తీస్తుంటే వేలు తగిలి తీగ మోగింది. ఆ మోత మోచెయ్యి దాకా పాకింది. వయొలిన్ కింద పెట్టడం మరిచి అలాగే నిలబడిపోయాడు.

"నేర్చుకుంటావా?" అన్నారు మాస్టారు.

అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. చిన్నప్పుడు కత్తి పట్టుకోమన్నారు, పట్టుకున్నాడు, అంతే.

మొదటి వారమే పరువు పోయింది. సాధన కోసం ఇంటికి తెచ్చుకున్న కమాను వెంట్రుకల నిండా తెల్లటి పొడి. చుండ్రు కనబడితే ఆ చేతులు ఊరుకోవు. షాంపూ పెట్టి కడిగి, చిక్కు తీసి, నిగనిగలాడేలా నూనె కూడా రాశాడు. మర్నాడు మాస్టారి ముందు కమాను తీగ మీద జారిందే గాని, కిక్కురుమనలేదు. తీగ మీద పట్టు దొరకడానికి రాసేదే ఆ పొడి అని తెలిశాక అతను తల ఎత్తలేకపోయాడు. మాస్టారు కమానుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

"ఇంతమందికి నేర్పాను. కమానుకి తలంటు పోసినవాణ్ణి నిన్నే చూశానయ్యా!" అని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. భార్య పోయాక ఆయన నవ్వు వినని వంటావిడ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. కమానుకి కొత్త వెంట్రుకలు ఆయనే వేయించారు.

ఈమధ్య ఆయన గుండె బలహీనపడింది. ఎక్కువ రోజులు ఉండరని డాక్టరు దాచకుండా చెప్పేశాడు. మాస్టారి భార్య పనులు చేసుకుంటూ తీసిన కూనిరాగం ఒకటుంది, దాన్నే ఆయన అతనికి నేర్పారు. ఆయన వినగలిగినన్నాళ్ళలో దాన్ని ఒక్కసారైనా మధ్యలో ఆగకుండా వాయించి వినిపించాలి. మెత్తచెయ్యికి అంతకుమించి కోరిక లేదు. రోజూ పాట పైకెక్కే చోట ఆగిపోతున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం షాపు మూసి, ఒక చేత్తో గడ్డం సామానూ ఇంకో చేత్తో వయొలినూ పట్టుకుని మేడ ఎక్కాడు. మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. ముఖం పాలిపోయి ఉంది. అలవాటు ప్రకారం ముందు గడ్డం, తర్వాత పాఠం.

"ఇవాళ ముందు పాట," అన్నారు. "గడ్డం ఎక్కడికీ పోదు."

"మళ్ళీ అక్కడే తప్పుతుంది మాస్టారూ."

"తప్పనీ. ఆగకు. ఇక్కడ రక్తం రాదయ్యా."

మొదలుపెట్టాడు. పైకెక్కే చోట వేలు తప్పింది, కమాను లేవబోయింది. మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు గాని, ఆయన పెదాలు అప్పుడే తర్వాతి స్వరం పలుకుతున్నాయి. ఆ పెదాలనే చూస్తూ మెత్తచెయ్యి ముందుకెళ్ళాడు. ఇంకో తప్పు, దాని వెనక మరొకటి. గీరుకుంటూ, ఆయాసపడుతూ పాట చివరిదాకా వెళ్ళింది. గుమ్మంలో నిలబడ్డ వంటావిడ, "అమ్మగారి పాటే," అంది.

మాస్టారు కళ్ళు తెరిచారు. "ఆవిడా అక్కడ తప్పే పాడేది," అన్నారు. "హాయిగా ఉందయ్యా. ఎన్నాళ్ళకి విన్నాను!"

మెత్తచెయ్యి ఏదో అనబోతే, "ఇక గడ్డం కానీ," అని ఆయనే మాట మార్చారు. అతను ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, ముఖం నిండా నురగ రాశాడు. కుడి చెంప అయింది. ఎడమ చెంప మీద కత్తి ఆనగానే అతనికి తెలిసిపోయింది. కత్తి పైకి లేచింది.

"మాస్టారూ."

మళ్ళీ పిలిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగల్లేదు. వంటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"డాక్టరుకి ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు.

ఆవిడ లోపలికి వెళ్ళాక కళ్ళు తుడుచుకున్నాడు. సగం గడ్డంతో ఆయన్ని నలుగురి ముందూ ఉంచడం అతనివల్ల కాదు. ఎడమ చెంపని రెండు వేళ్ళతో బిగపట్టి, తొందరపడకుండా గీశాడు. చెవి కింద మిగిలిన ఒకటి రెండు వెంట్రుకలూ తీసి, వేడినీళ్ళ తువ్వాలుతో ముఖం అద్దాడు.

"నాకు నేర్పారు మాస్టారూ," అన్నాడు ఆయన చెవిలో. "ఇంత వయసొచ్చాక నన్నడిగి మరీ నేర్పారు."

కిటికీ గట్టు మీద ఆయన కళ్ళజోడు ఉంది. ఒక అద్దం మీద పడ్డ నురగ చుక్క ఇంకా ఆరలేదు.