కట్టెకు నాడి

గులాం అలీ ప్లగ్గు పీకేసి, గుండ్రటి రంపం పళ్ళను చూపుడువేలితో తడిమాడు. ఏమీ తెలియలేదు. పదునుందో లేదో వేలు చెప్పడం మానేసి ఏడాదైంది. కళ్ళజోడు తుడుచుకుని, రంపాన్ని మెల్లగా తిప్పుతూ ఒక్కో పన్నునూ వెలుతురులో చూశాడు.

గోదావరిఖనిలోని ఆ కోతమిల్లుకు, బొగ్గు గని కోసం ఖాళీ అయిన ఊళ్ళ నుంచి పాత దర్వాజలు వస్తాయి. పైన మట్టి, రంగు. వాటి కింద ఎప్పటివో మేకులు. రంపం మేకును తాకితే పన్ను ఊడి ఎటైనా ఎగురుతుంది. అవతలి వైపు నిలబడి చెక్కను అందుకునేది రాయమల్లు.

చక్కెర వ్యాధితో వేళ్ళు మొద్దుబారినప్పటి నుంచి గులాం అలీ మణికట్టు లోపలి మెత్తటి చర్మంతో మేకుల్ని వెతుకుతున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది. వేరే పనేదీ ఆయనకు రాదు.

“ఏం చాచా, ఇయ్యాల గూడ కట్టెకు నాడి చూస్తున్నవా?” చెక్క మీద మణికట్టు జరుపుతున్న ఆయన్ని చూసి రాయమల్లు నవ్వాడు.

“జెరమొచ్చింది దానికి. నువ్వు జల్ది పట్టు.”

ప్లగ్గు పెట్టి కోత మొదలుపెట్టారు. సగం కోశాక చెక్క మీద మట్టి దట్టంగా కనిపించింది. గులాం అలీ స్విచ్చు ఆపాడు. రంపం పూర్తిగా నిలిచేదాకా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ మిల్లులో పది వేళ్ళూ మిగిలిన పాత పనివాడు ఆయనొక్కడే. తర్వాత వంగి మట్టి దులిపి, మణికట్టును చెక్క పొడవునా జరిపాడు. మళ్ళీ జరిపాడు.

“ఏం లేదు. పట్టు.”

రాయమల్లు పట్టలేదు.

“చాచా, నెత్తురు!”

“ఎవరిది?”

రాయమల్లు ఆయన చేతికేసి చూశాడు. మణికట్టు పొడుగ్గా చీరుకుపోయి ఉంది. చెక్కలో, రంపం వెళ్ళాల్సిన దారిలోనే, మట్టి రంగులో కలిసిపోయి, విరిగిన మేకు మొన.

గులాం అలీ మేకును చూశాడు. రాయమల్లు ముఖాన్ని చూశాడు. కంటి కింద కాస్త చెక్కపొట్టు అంటుకుని ఉంది.

“పట్టీ కట్టిచ్చుకొని రా చాచా. దవాఖాన దగ్గర్నే గదా.”

“నొస్తలేదురా.”

“నొయ్యకుంటె ఫికరెందుకు?”

“నొస్తే ఈడనే పనిల ఉంటుంటి. సేటుకు చెప్పు, వేరేటోన్ని చూసుకొమ్మని.”

ప్లగ్గు పీకి, బల్ల దగ్గర ఒక్క క్షణం వంగాడు. తలగుడ్డతో చెయ్యి చుట్టుకుని బయటికి నడిచాడు. షిఫ్టు దిగి వస్తున్న జనంలో కలిసిపోయాడు.

చెక్క బల్ల మీదే ఉంది. సగం కోసిన గాటు బిగుసుకుని రంపం పళ్ళను పట్టేయకుండా ఆయన దోపి వెళ్ళిన చిన్న కర్రముక్క, రెండు వైపుల నుంచీ చెక్క ఒత్తుతున్నా, అక్కడే నిలబడి ఉంది.