ప్రెస్సుకు సన్మానం

రేకు డబ్బాల కార్ఖానా మూతబడి చాలాకాలమైంది. అయినా ఆ గోడ పక్కగా నడిచినప్పుడల్లా మేకుకి ఆ నూనె వాసన, తుక్కు గలగల, రంగుల మామ గొంతు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. మేకు అన్నది అక్కడ పనిచేసే రోజుల్లో బక్కగా ఉంటాడని పెట్టిన పేరు. పొట్ట వచ్చింది గానీ పేరు పోలేదు.

రంగుల మామ డబ్బాల మీద బొమ్మలు వేసేవాడు. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ మామే. కుంచె ఎంత మెత్తనో నోరంత వాడి.

ఒక ఏడాది రేకులు నొక్కే పెద్ద ప్రెస్సు కింద పడి మేకు వాళ్ళన్నకి రెండు వేళ్ళు పోయాయి. చేతులు లోపలికి పోకుండా ప్రెస్సుకి ముందువైపు ఒక ఇనప తొడుగుండేది. పని నెమ్మదిస్తోందని యజమానే ఊడబీకించాడు. అన్న కట్టింకా విప్పనేలేదు, "అజాగ్రత్త మనిషి, సోమవారం నుంచి రానక్కర్లేదు" అని కబురు. ఇంట్లో చూస్తే వదినకి నెలలు నిండాయి.

పని మానేసి వెళ్ళేవాళ్ళకి రేకు తుక్కుతో దండ గుచ్చి వేసి, నాలుగు మంచి ముక్కలు చెప్పి సాగనంపడం అక్కడి ఆనవాయితీ. శనివారం భోజనాల వేళ అందరూ అన్న చుట్టూ చేరారు. మామ మాత్రం దండ పట్టుకెళ్ళి ప్రెస్సుకి తగిలించాడు.

"అదేంటి మావా, మతి పోయిందా?" అన్నాడు మేకు.

"నువ్వూరుకో అల్లుడూ! ఎవరి గొప్ప వాళ్ళకి ఒప్పుకోవాలి." మామ గొంతు సవరించుకున్నాడు. "ఈ మహాతల్లి ఏనాడన్నా సెలవడిగిందా? జీతం పెంచమందా? ఇన్నేళ్ళ చాకిరీకి నోరు తెరిచి అడిగింది రెండంటే రెండు వేళ్ళు! మనమో? దాహమంటాం, జ్వరమంటాం. సిగ్గుండాలి!"

ఒకటే నవ్వులు, ఈలలు. కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని అన్న కూడా నవ్వాడు. చప్పట్లు విని యజమాని వచ్చాడు. పొగడ్త చెవిన పడితే కాలు నిలవని మనిషి. తను కొన్న మిషన్ని నిజంగానే మెచ్చుకుంటున్నారనుకుని పొంగిపోయాడు. "ఇది నాకు కన్నబిడ్డ లాంటిది" అంటూ తనే ఉపన్యాసం అందుకున్నాడు.

మామ వినయంగా నడుం వంచాడు. "అయితే అయ్యగారూ, బిడ్డ నోట్లో ఓసారి చెయ్యి పెట్టండి. పెడలు మేం తొక్కుతాం."

యజమాని చెయ్యి మాట ఊపులో ముందుకు వెళ్ళనే వెళ్ళింది. సగం దారిలో ఆగింది. వెనక్కొచ్చి జేబులో దూరింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ జేబు వంకే చూస్తున్నారు.

"ఈ కట్టు చేతివాణ్ణి స్టోరులో వేసుకోండి" అన్నాడు యజమాని మేస్త్రీతో, ఎటో చూస్తూ. "ఆ తొడుగేదో బిగించి చావండి."

నెల తిరక్కుండా మామని పన్లోంచి తీసేశారు. "అయ్యగారి మొహానికే రంగేశాక ఇంకా డబ్బాలెందుకురా!" అని నవ్వుతూ కుంచెలు సంచిలో వేసుకుని గేటు దాటాడు. మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

అన్న కార్ఖానా మూసేదాకా ఆ స్టోరులోనే చేశాడు. "ఆ మహానుభావుడి నోటి పుణ్యాన మనం నాలుగు మెతుకులు తిన్నాం మరిదీ" అంటుంది వదిన, ఇప్పటికీ. ఆ మహానుభావుడు ఏం తిన్నాడో ఇంతవరకు ఎవరికీ తెలియదు.